బ్లూగ్రాస్ జామ్‌లో రెండు పాటలకే గిటార్ కేస్‌లో పెట్టేశా, ఇప్పుడేం చేయాలి?

క్యారీ_గిటార్ (ఖమ్మం, ఇప్పుడు క్యారీ, నార్త్ కరోలినా)

అందరికీ నమస్తే. కాస్త పొడుగు పోస్ట్, ఓపిక పట్టండి.

నాకు 41. ఇంజనీరింగ్‌లో హాస్టల్ గదిలో నేర్చుకున్న గిటార్, అంటే నాలుగు కార్డ్‌లు పట్టుకుని సినిమా పాటలకి గీకడం, ఫేర్‌వెల్ రోజు చప్పట్లు కొట్టించుకోవడం, ఆ బాపతు. ఇక్కడికి వచ్చాక అదీ అటకెక్కింది. రాలీలో 2013 నుంచి 2024 దాకా ఏటా బ్లూగ్రాస్ (బాంజో, ఫిడిల్, మేండలిన్, గిటార్‌లతో వాయించే అమెరికా పల్లె సంగీతం) వాళ్ల పెద్ద పండగ జరిగేది కదా, డౌన్‌టౌన్‌లో ఫయట్‌విల్ స్ట్రీట్ మూసేసి వేదికలు వేసేవాళ్లు. పిల్లల్ని తిప్పుకొద్దామని ఒక ఏడాది వెళ్లాం. వేదిక మీద వాళ్ల సంగతి అలా ఉంచితే, ఫుట్‌పాత్ మీద ఓ పద్నాలుగేళ్ల పిల్లాడు వాయిస్తుంటే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. డ్రమ్స్ లేవు, కరెంటు లేదు, ఒక చెక్క డబ్బా, ఆరు తీగలు. అంత వేగం, అయినా ఒక్కో స్వరం బియ్యపు గింజల్లా విడివిడిగా వినపడుతోంది.

ఇంటికొచ్చి పెద్ద గిటార్, అదే డ్రెడ్‌నాట్, కొన్నా. ఎనిమిది నెలలు ఆన్‌లైన్‌లో ట్యాబ్‌లు (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని రాసిన నొటేషన్) చూసి మూడు ఫిడిల్ ట్యూన్‌లు కంఠతా పట్టా. మెట్రోనోమ్ 140 (నిమిషానికి అన్ని టిక్కులు) పెట్టి తప్పుల్లేకుండా వాయిస్తున్నా, ఇక చాలు అనుకుని మొన్న ఆదివారం ఒక షాపులో జామ్‌కి, అంటే అందరూ కూర్చుని కలిసి వాయించే చోటికి, వెళ్లా.

పదకొండు మంది గుండ్రంగా కూర్చున్నారు. ఒకాయన పాట కీ "ఏ" (A) అన్నాడు. నేను A కార్డ్ పట్టుకున్నా. చుట్టూ చూస్తే గిటార్ వాళ్లంతా రెండో ఫ్రెట్‌కి కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి శ్రుతి పెంచే క్లిప్) బిగించి జి షేప్‌లు, అంటే జి కీలో పట్టే కార్డ్‌లే, వాయిస్తున్నారు. ఆ వేగానికి నా చెయ్యి స్ట్రమ్మింగ్‌లోనే తడబడింది, లీడ్ (వంతు వచ్చినప్పుడు ట్యూన్ వాయించడం) మాట దేవుడెరుగు. రెండో పాటలో నా వంతు వచ్చిందని తల ఊపారు, నేను తల అడ్డంగా ఊపా. తర్వాత నీళ్లు తాగడానికన్నట్టు లేచి గిటార్ కేస్‌లో పెట్టేసి వచ్చేశా. మా ఆవిడ "అప్పుడే అయిపోయిందా" అంటే ట్రాఫిక్ లేదు అని చెప్పా.

140లో వాయించేవాణ్ని అక్కడ ఎందుకు అందుకోలేకపోయా? ఎక్కడ తప్పు చేస్తున్నా?

—

బాంజో_బావ (షార్లెట్)

రెండు పాటలు వాయించావా! నేను మొదటిసారి పార్కింగ్‌లో కారు దిగకుండా వెనక్కి తిరిగొచ్చా తమ్ముడూ. నువ్వు నాకన్నా నయం.

ముందు నీ 140 సంగతి తేలుద్దాం. ఒక్కో టిక్కుకి ఎన్ని స్వరాలు వాయిస్తున్నావ్?

—

క్యారీ_గిటార్

రెండు.

—

బాంజో_బావ

అదీ సంగతి. జామ్‌లో వాళ్లు లెక్కపెట్టేది టిక్కుకి నాలుగు. నీ 140 వాళ్ల లెక్కలో 70. నువ్వు నిమిషానికి 280 స్వరాలు వాయిస్తున్నావు. మామూలు జామ్‌లో 105 దగ్గర నడుస్తుంది, అంటే 420. సెకనుకి ఏడు. నువ్వు చెయ్యి ఎత్తేయక ఏమవుతుంది.

అయితే అసలు రోగం అది కాదు. ఇంకో లెక్క చెప్తా విను. ఫిడిల్ ట్యూన్ అంటే ఎనిమిది బార్ల మొదటి భాగం రెండుసార్లు, ఎనిమిది బార్ల రెండో భాగం రెండుసార్లు, మొత్తం 32 బార్లు. 105 దగ్గర ఒక చుట్టు పూర్తవడానికి సుమారు 37 సెకన్లు. పదకొండు మందీ తలా ఒక చుట్టు తీసుకుంటే పాట ఆరున్నర, ఏడు నిమిషాలు. అందులో నీ లీడ్ వాటా 37 సెకన్లు. మిగతా ఆరు నిమిషాలూ నువ్వు ఏం చేస్తావ్? రిథమ్. ఎనిమిది నెలలు నువ్వు ప్రాక్టీస్ చేసింది ఆ 37 సెకన్లని. ఆరు నిమిషాల పనికి ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

ఇది నీ ఒక్కడి తప్పు కాదులే, ఇంటర్నెట్ అంతా లీడే చూపిస్తుంది. రిథమ్ వీడియోకి ఎవడు లైక్ కొడతాడు.

—

పాలకొల్లు_పెద్దాయన

బావ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మేండలిన్ వాయిస్తాను (పాలకొల్లులో పుట్టి మేండలిన్ పట్టకపోతే శ్రీనివాస్ గారి ఆత్మ ఊరుకుంటుందా). రిటైరయ్యాక టెనెసీలో మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా జామ్‌లకి పోతుంటాను కాబట్టి నాలుగు మాటలు.

ఈ సంగీతం పుట్టినప్పుడు గిటార్‌కి లీడ్ అనేదే దాదాపు లేదు. కెంటకీలో రోజీన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన బిల్ మన్రో మేండలిన్ వాయించేవాడు, సొంత రాష్ట్రం ముద్దుపేరు మీద తన బ్యాండ్‌కి బ్లూ గ్రాస్ బాయ్స్ అని పేరు పెట్టుకున్నాడు. 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ల బాంజోతో అందులో చేరాక ఈ బాణీ స్థిరపడింది. ఆ బ్యాండ్‌లో గిటార్ పట్టింది లెస్టర్ ఫ్లాట్. ఆయన పని పాడటం, రిథమ్ పట్టడం, పాట పాదం చివర ఒక చిన్న బేస్ పలుకుతో ముగింపు వేయడం. దాన్నే జి రన్ అంటారు. ఆ పలుకుతో ఫలానా చోట పాదం అయిపోయిందని అందరికీ తెలిసిపోతుంది, మన మృదంగం వాళ్లు ముక్తాయింపు వేసినట్టు.

ఫిడిల్ మీది వేగం గిటార్ మీదికి తెచ్చిన వాళ్లలో పెద్ద పేరు డాక్ వాట్సన్, మీ నార్త్ కరోలినా కొండల్లో డీప్ గ్యాప్ వాడే. పసితనంలోనే చూపు పోయింది. 1950లలో ఆయన ఉన్న డాన్స్ బ్యాండ్‌లో ఫిడిల్ వాయించేవాడు లేక ఆ ట్యూన్‌లు తనే ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించేవాడు. ఆ అలవాటే తర్వాత ఎకూస్టిక్ మీదికి వచ్చింది. అంటే డాన్స్ చేసేవాళ్ల అడుగు తప్పకూడదన్న ఒత్తిడిలోంచి పుట్టిన చెయ్యి అది. అందుకే రికార్డులో వేగం కన్నా ముందు నడక వినండి.

—

బందరు_లడ్డు (హైదరాబాద్, నిజాంపేట)

పెద్దాయన గారూ, మీ పోస్టులు చదవడానికే లాగిన్ అవుతుంటా. నేనూ ఆరు నెలలుగా ఇదే పిచ్చిలో ఉన్నా, ఇక్కడ జామూ లేదు గీమూ లేదు, ఫ్లాట్ గోడ అవతల అంకుల్ మాత్రం ఉన్నారు, ఆయన రోజూ జామ్‌కి వస్తారు, గోడ మీద కొడుతూ.

రిథమ్ అంటే సరిగ్గా ఏం ప్రాక్టీస్ చేయాలో చెప్పండి ప్లీజ్. నాకు "బూమ్ చక్" అని తెలుసు అంతే.

—

బాంజో_బావ

ఆ రెండు మాటల్లోనే సగం జీవితం ఉంది లడ్డూ.

బూమ్ అంటే ఒకటి, మూడు బీట్ల మీద ఒంటి బేస్ తీగ. చక్ అంటే రెండు, నాలుగు మీద పొట్టి స్ట్రమ్. బేస్ మార్చి మార్చి కొట్టాలి, సా, పా అన్నట్టు. జి కార్డ్‌లో ముందు 6వ తీగ మూడో ఫ్రెట్, తర్వాత 4వ తీగ ఓపెన్. సి కార్డ్‌లో 5వ తీగ మూడో ఫ్రెట్, తర్వాత వేలు జరిపి 6వ తీగ మూడో ఫ్రెట్. డి లో 4వ తీగ ఓపెన్, తర్వాత 5వ తీగ ఓపెన్. కార్డ్ మారేటప్పుడు రెండు మూడు బేస్ స్వరాలతో అటు నుంచి ఇటు నడిచి వెళ్లాలి. నువ్వు జి నుంచి సి కి పోతున్నావని బేస్ వినే పాడేవాడికి తెలిసిపోవాలి.

చక్ దగ్గర అందరూ చేసే తప్పు ఆరు తీగలూ కొట్టేయడం. సన్న తీగలు మూడు నాలుగు తగిలితే చాలు, తగిలిన వెంటనే ఎడమ చేతి పట్టు కాస్త సడలించు, మోత తెగిపోవాలి. ఇందులో డ్రమ్స్ ఉండవు కదా. డబుల్ బేస్ ఒకటి, మూడు కొడుతుంది, మేండలిన్ రెండు, నాలుగు మీద చాప్ (మోత తెగిపోయే పొట్టి దెబ్బ) కొడుతుంది, గిటార్ ఆ రెంటినీ కలిపి కుడుతుంది. నీ చక్ చాప్‌తో కలవకపోతే రెండు గడియారాలున్న గదిలో కూర్చున్నట్టు ఉంటుంది.

—

నైట్‌షిఫ్ట్ (బెంగళూరు)

మెటల్ వైపు నుంచి వచ్చా, నాకో డౌట్. బ్లూగ్రాస్ వాళ్లు ఒకటే మాట అంటారు, పిక్ (తీగలు మీటే బిళ్ల) కిందికి, పైకి, కిందికి, పైకి, ఎక్కడా తప్పకూడదని. ఒక తీగ నుంచి పక్క తీగకి పోతున్నప్పుడు అదే దిశలో తోసుకుంటూ పోతే శ్రమ తక్కువ, స్పీడ్ ఎక్కువ. మేం అలాగే 200 కొడతాం. ఈ పాతకాలం పట్టుదల ఎందుకు?

—

సరళీవరుస (అట్లాంటా)

నేను పిల్లలకి కర్ణాటక వయొలిన్ చెప్తాను, ఫిడిల్ వాళ్లతో కూడా నాలుగేళ్లుగా కూర్చుంటున్నాను, గిటార్ మావారిది. నైట్‌షిఫ్ట్ గారూ, మీరన్నది శ్రమ లెక్కలో కరెక్టే. కానీ పిక్ కిందికి కొట్టిన స్వరం కాస్త గట్టిగా, పైకి కొట్టింది కాస్త మెత్తగా పలుకుతుంది, చెయ్యి బరువు అటు ఉంటుంది కనుక. బీట్ మీద ఎప్పుడూ కిందికి, బీట్‌ల మధ్య ఎప్పుడూ పైకి కొడితే ఆ బరువు తాళంతో అతుక్కుంటుంది. ఫిడిల్ విల్లులోనూ ఇంతే. మీరన్న పద్ధతిలో తోస్తే స్వరాలన్నీ సమానంగా వస్తాయి. సమానంగా వస్తే డాన్స్ చేసేవాడికి అడుగు ఎక్కడ వేయాలో తెలియదు.

పైగా ఒక స్వరం వదిలేసినా చెయ్యి గాల్లో ఊగుతూనే ఉండాలి. మా పిల్లలు తాళం వేస్తూ పాడేటప్పుడు సాహిత్యం ఆగినా చెయ్యి ఆగదు చూడండి, అలా.

—

నైట్‌షిఫ్ట్

> బీట్ మీద ఎప్పుడూ కిందికి

మరి బ్లూగ్రాస్ గిటార్‌లో అంత పేరున్న టోనీ రైస్? ఆయన వీడియోలు స్లో చేసి చూశా, వరుసగా రెండు కిందికి, రెండు పైకి, ఇష్టం వచ్చినట్టు ఉంది.

—

పాలకొల్లు_పెద్దాయన

టోనీ రైస్ నియమం పాటించేవాడు కాదు, నిజమే. ఆయన చిన్నప్పుడు కాలిఫోర్నియాలో క్లారెన్స్ వైట్ అనే గిటారిస్ట్‌ని చూసి పెరిగాడు, క్లారెన్స్‌దీ బీట్‌ని అటూ ఇటూ తోసే చెయ్యే. క్లారెన్స్ 1973లో 29 ఏళ్లకే తాగి కారు నడిపినవాడి వల్ల పోయాడు. ఆయన దగ్గరున్న 1935 నాటి మార్టిన్ డి-28 గిటార్‌ని టోనీ తర్వాత వెతికి పట్టుకుని కొనుక్కున్నాడు. సౌండ్ హోల్ మామూలు కన్నా పెద్దది, ఫోటోలో చూస్తే వెంటనే తెలిసిపోతుంది. 2020 క్రిస్మస్ రోజు టోనీ కూడా వెళ్లిపోయాడు, అదీ మీ నార్త్ కరోలినాలోనే.

కానీ బాబూ, ఆయన వదిలేసింది చేతిలో ఇంకిపోయిన నియమాన్ని. మనం వదిలేసేది రాని నియమాన్ని.

—

నైట్‌షిఫ్ట్

సరే పెద్దాయనా, దెబ్బ తగిలింది. 😄 అయినా నేను రెండూ ప్రాక్టీస్ చేస్తా.

—

క్యారీ_గిటార్

ఇదంతా చదివి రాత్రి పడుకోలేదు. రెండు రోజులుగా బూమ్ చక్ మాత్రమే వాయిస్తున్నా, రికార్డ్ చేసుకుని వింటే ఏడుపొచ్చింది, బేస్ తీగ వెతుక్కోవడంలో ప్రతి నాలుగో బార్‌కి తొందరపడుతున్నా.

జి రన్ ఎక్కడ ఏ స్వరాలో ఎవరైనా రాస్తారా? ట్యాబ్‌లు ఒక్కొక్కరు ఒక్కోలా ఇస్తున్నారు.

—

పాలకొల్లు_పెద్దాయన

అందులో పది రకాలున్నాయి. అన్నిటికీ అమ్మ లాంటిది ఇది: 5వ తీగ ఓపెన్, ఒకటో ఫ్రెట్, రెండో ఫ్రెట్, తర్వాత 4వ తీగ ఓపెన్, రెండో ఫ్రెట్, ఆఖరికి 3వ తీగ ఓపెన్. ఆ ఆఖరి స్వరం బీట్ మీద పడాలి. పాదం అయిపోయి జి కార్డ్ మీద రెండు బార్లు ఖాళీ ఉన్నచోట వేయండి, పాడేవాళ్ల నోట్లో మాట ఉండగా వేయకండి.

మన భాషలో చెప్పాలంటే జి ని షడ్జమం అనుకుంటే ఇది రి గ గ ప ద స. చక్కటి మోహనం!

—

సరళీవరుస

మాస్టారూ క్షమించాలి, మోహనంలో రెండు గాంధారాలు ఎక్కడివి? ఆ ఒకటో ఫ్రెట్ సాధారణ గాంధారం. మోహనానికి ఉన్నది అంతర గాంధారం ఒక్కటే. మీరు పిల్లలకి ఇలా చెబితే నా క్లాసుకి వచ్చి నాతో గొడవ పడతారు.

—

పాలకొల్లు_పెద్దాయన

ఒప్పుకున్నానమ్మా. ఆ సాధారణ గాంధారం స్వరంగా నిలబడదు, అంతరంలోకి జారడానికి మెట్టు, నీగ్రో బ్లూస్ వాసన అదే. సరే "అన్య స్వరం తగిలిన మోహనం" అందాం, రాజీ.

—

సరళీవరుస

రాజీ. 🙂 ఒక్క మాట, ఆ పదం ఇప్పుడు అక్కడ ఎవరూ వాడరు, నల్లజాతి వాళ్ల బ్లూస్ అనండి. బాంజో కూడా ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ల చేతుల్లోంచే వచ్చింది కదా.

—

పాలకొల్లు_పెద్దాయన

పాత పుస్తకాల నోరు. దిద్దుకుంటాను, మంచి మాట చెప్పావు.

—

సరళీవరుస

క్యారీ గారూ, మీ తొందరకి ఒక మందు ఉంది, మన ఇంట్లోదే. జి స్కేల్ ఓపెన్ పొజిషన్‌లో శంకరాభరణం, అంతే కదా. దాని మీద సరళీ వరుసలు మూడు కాలాల్లో వాయించండి. మెట్రోనోమ్ 60 పెట్టి మొదట టిక్కుకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. టిక్కు మారకూడదు, మీరే మారాలి. జంట స్వరాలు, స స రి రి గ గ, ఒకే తీగ మీద కిందికి పైకి అలవాటు చేస్తాయి. దాటు స్వరాలు తీగ మారడం నేర్పుతాయి, అసలు కష్టం అక్కడే ఉంది. నాలుగు వారాలు చాలు, అటు తర్వాత ఫిడిల్ ట్యూన్‌లు అలంకారాల్లాగే కనిపిస్తాయి.

మెట్రోనోమ్‌ని ఇంకోలా కూడా వాడొచ్చు. 50 పెట్టి ఆ టిక్కుని ఒకటి మీద కాకుండా రెండు, నాలుగు మీద ఊహించుకుని బూమ్ చక్ వాయించండి. టిక్కు మేండలిన్ చాప్ అయిపోతుంది. లడ్డు గారికి కూడా ఇదే జామ్, గోడ అవతల అంకుల్ గారిని రెండు, నాలుగు మీద కొట్టమనండి.

—

బందరు_లడ్డు

🤣🤣 ఆయన ఒకటి మీద కొడతారు మేడమ్, అదీ సమస్య.

ఒక విషయం గమనించా, కరెక్టో కాదో చెప్పండి. ఓల్డ్ జో క్లార్క్ అని అందరూ మొదట్లో నేర్చుకునే ట్యూన్ ఉంది కదా, నేను జి షేప్‌లో వాయిస్తుంటే మధ్యలో ఎఫ్ కార్డ్ ఎందుకొస్తుందో అర్థం కాలేదు. మొన్న మా అమ్మ వంటింట్లోంచి విని "ఏంట్రా హరికాంభోజి లాగా ఉంది" అంది. నిషాదం తగ్గింది అన్నమాట!

—

సరళీవరుస

అమ్మగారికి నమస్కారాలు. కైశికి నిషాదం. జి నుంచి లెక్కపెడితే అది ఎఫ్ స్వరం, అందుకే ఆ కార్డ్. వాళ్లు మిక్సోలిడియన్ అంటారు. అయితే స్వరాలు కలిశాయి కదా అని మన గమకాలు వేయకండి, నేను ఒకసారి వేసి ఫిడిల్ పెద్దావిడ చేత కళ్లు పెద్దవి చేయించుకున్నాను. అక్కడ స్వరం నిటారుగా నిలబడాలి, ఊగేది లయ.

—

బాంజో_బావ

ఆ ట్యూన్ జామ్‌లో ఏ (A) కీలో వస్తుంది. రెండో ఫ్రెట్ కాపో, జి షేప్‌లు. క్యారీ తమ్ముడు మొన్న మునిగింది ఈ కాపో దగ్గరే కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా, ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఏ అంటే కాపో 2, బి ఫ్లాట్ అంటే 3, బి అంటే 4, అన్నిటికీ జి షేప్‌లే. పాడేవాళ్లు గొంతుని బట్టి బి లోకి పోతుంటారు, బిల్ మన్రో గొంతు ఎక్కడో మేడ మీద ఉండేది, ఆ దురద అందరికీ అంటుకుంది. ఎవరైనా "ఒకటి, నాలుగు, అయిదు" అంటే జి షేపుల్లో జి, సి, డి. పాట తెలియకపోతే ఎదురుగా ఉన్న గిటార్ వాడి ఎడమ చెయ్యి చూడు, వాడి ముఖం కాదు.

ఇంకా కొన్ని. వంతు వద్దనుకుంటే తల అడ్డంగా ఊపి పక్కవాడికి వదిలేయ్, ఎవరూ ఏమీ అనుకోరు, లేచి వెళ్లిపోతేనే అనుకుంటారు. పాట మొదలుపెట్టినవాడు పాదం ఎత్తి ముందుకు చాపాడంటే ఇదే ఆఖరి చుట్టు. పక్కవాడు గిటార్ మీద లీడ్ తీసుకుంటుంటే నీ మోత సగానికి సగం తగ్గించు, ఎందుకంటే గిటార్ అందరికన్నా నెమ్మదైన గొంతు. బాంజో వాళ్లకి ఈ నియమం చెప్పినా వినరు, నాకు తెలుసు, నేనూ వినను.

—

నైట్‌షిఫ్ట్

గేర్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? ఫోరం అంటే ఇది కాదే.

—

బాంజో_బావ

కూర్చుంటే తెల్లారిపోతుంది కాబట్టి. డ్రెడ్‌నాట్ బాడీ, అది మహాగని అయితే పొడిగా, రోజ్‌వుడ్ అయితే బేస్ గుమ్ముగా, రెండూ పనికొస్తాయి. తీగలు 13 మీడియం గేజ్ (మందం) అని పెద్దలు అంటారు, కొత్త వేళ్లకి 12 లైట్ చాలు. యాక్షన్ (ఫ్రెట్‌ల మీద తీగల ఎత్తు) మరీ కింద ఉంటే గట్టిగా కొట్టినప్పుడు బరబర అంటుంది. పిక్ మాత్రం మందంగా ఉండాలి, ఒక మిల్లీమీటరు పైనే, మెత్తటి పిక్ వేగంలో వంగి ఆలస్యంగా లేస్తుంది. పూర్వం సముద్రపు తాబేలు చిప్పతో చేసేవాళ్లు, 1970లలో అంతర్జాతీయంగా ఆ వ్యాపారం నిషేధించారు, ఇప్పుడు రకరకాల ప్లాస్టిక్‌లు. ఒక్క పిక్‌కి యాభై డాలర్లకు దగ్గరగా పెట్టేవాళ్లని చూశా, వాళ్లలో నేనూ ఒకణ్ని, మా ఆవిడకి చెప్పకండి.

క్యారీ తమ్ముడూ, చలికాలం హీటర్ వేస్తే గిటార్ కేస్‌లో తేమ పెట్టే స్పాంజి పెట్టుకో, 45 నుంచి 50 శాతం మధ్య ఉంచు. లేకపోతే పై చెక్క పగులుతుంది. లడ్డూకి ఉల్టా, వర్షాకాలం చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి.

గేర్ అయిపోయింది. వెళ్లి బూమ్ చక్ కొట్టండి.

—

క్యారీ_గిటార్ (తొమ్మిది వారాల తర్వాత)

పాత థ్రెడ్ పైకి లేపుతున్నందుకు సారీ, చెప్పకుండా ఉండలేకపోతున్నా.

ఈ తొమ్మిది వారాలూ ఒక్క కొత్త ట్యూన్ కూడా ముట్టుకోలేదు. పొద్దున ఇరవై నిమిషాలు సరళీ వరుసలు, రాత్రి పాత రికార్డులు పెట్టుకుని బూమ్ చక్. విచిత్రం ఏంటంటే మా అమ్మాయి శనివారాలు గాత్రం క్లాసుకి వెళ్తుంది, దాని శ్రుతి అయిదు, అంటే జి! ఒకరోజు నేను వాయిస్తుంటే వచ్చి పక్కన కూర్చుని పాడటం మొదలుపెట్టింది. మూడో కాలంలో నేను తడబడితే "నాన్నా, తాళం వేసుకో" అంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల. నేను కుడి కాలుతో తాళం వేయడం మొదలుపెట్టాకే నా తొందర తగ్గింది, నిజంగా.

మొన్న స్లో జామ్ అని ఇంకో చోట ఉందంటే వెళ్లా. 75, 80 దగ్గర వాయిస్తారు. డబుల్ బేస్ వాయించే పెద్దాయన పక్కన ఖాళీ కుర్చీ ఉంటే కావాలనే అందులో కూర్చున్నా. గంటన్నర రిథమ్ మాత్రమే. నాలుగైదు పాటల తర్వాత నా బేస్ స్వరం, ఆయన స్వరం ఒకటే అయిపోయిన క్షణం ఒకటి వచ్చింది, గిటార్ పొట్టకి ఆనించిన చోట తెలిసింది. ఎలా చెప్పాలో తెలియట్లేదు.

తర్వాత ఓల్డ్ జో క్లార్క్ వచ్చింది. వంతు వచ్చింది, తల ఊపా. మొదటి భాగం కంఠతా పట్టిన ట్యాబ్ కాకుండా పాట ఎముకలు మాత్రం వాయించా, రెండుసార్లూ బాగానే వచ్చింది. రెండో భాగంలో సరిగ్గా ఆ ఎఫ్ దగ్గర దారి తప్పా. ఎటు పోవాలో తెలియక బూమ్ చక్‌లోకి దూరిపోయా. ఎదురుగా ఉన్న మేండలిన్ ఆవిడ చటుక్కున పాట అందుకుంది, చివర్లో మాత్రం నా జి రన్ బీట్ మీద పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్కనున్న బేస్ ఆయన పాట అయ్యాక "వచ్చే వారం కూడా ఈ కుర్చీలోనే కూర్చో" అన్నాడు.

—

బాంజో_బావ

తమ్ముడూ, బేస్ వాయించేవాడు కుర్చీ ఇచ్చాడంటే ఇంకేం కావాలి. నాకు పదకొండేళ్లుగా ఎవడూ ఇవ్వలేదు.

—

సరళీవరుస

అమ్మాయికి నా తరఫున ఒక లడ్డు. (బందరుది.)

—

బందరు_లడ్డు

అన్నా సూపర్! నేను కూడా ఒకటి రికార్డ్ చేశా, బూమ్ చక్ మీద నాదే లీడ్, రెండు ట్రాక్‌లు. ఆడియో పెడుతున్నా, నిర్మొహమాటంగా చెప్పండి. వెనక టకటక అని వినిపించేది మెట్రోనోమ్ కాదు.

—

పాలకొల్లు_పెద్దాయన

విన్నాను. చెయ్యి శుభ్రంగా ఉంది నాయనా. రెండో భాగం మూడో బార్‌లో తొందరపడ్డావు, డి కార్డ్‌కి బేస్ నడక ఒక స్వరం ముందే మొదలుపెట్టావు. గోడ అవతల ఆయన మాత్రం తాళం తప్పలేదు.

—

క్యారీ_గిటార్

చివరిగా ఒక డౌట్. వచ్చే ఆదివారం ఒకావిడ బి లో పాడతానంది. కాపో నాలుగో ఫ్రెట్‌కి పెట్టగానే నా గిటార్‌లో 2వ తీగ శ్రుతి పైకి పోతోంది, ప్రతిసారీ. తీగ మార్చాలా, కాపో మార్చాలా?

—

బాంజో_బావ

కాపో మరీ బిగిస్తున్నావ్. ఫ్రెట్‌కి ఆనుకుని వెనకే పెట్టి, మోగేంత వరకే బిగించు. అయినా పోతే పెట్టాక ఆ ఒక్క తీగ శ్రుతి చేసుకో. అందరూ అదే చేస్తారు, అందుకే బి పాటకి ముందు జామ్‌లో రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు.